పాట రికార్డింగుకు కంప్యూటర్ సత్తా కొలిచేదెలా?

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఒక తెలుగు ఇంట్లో పాట రికార్డు చేయాలంటే మొదట జరిగే పని ఫ్యాను ఆపడం. తర్వాత కిటికీలు మూస్తారు. ఆటోల మోత లోపలికి రాకుండా తలుపుకు బొంత వేలాడదీస్తారు. మైకు ముందు గాయని, పక్కన బల్ల మీద లాప్‌టాప్. పల్లవి బాగా వస్తుంది, మొదటి చరణమూ బాగానే వస్తుంది. రెండో చరణంలో హెడ్‌ఫోనులో సన్నని చిటపట మొదలవుతుంది. మళ్లీ పాడిస్తే ఈసారి అది ఇంకాస్త ముందుగానే వస్తుంది. మైకు చెడిందని ఒకరు, తీగ వదులైందని ఇంకొకరు అంటారు. లాప్‌టాప్‌ను మాత్రం ఎవరూ అనుమానించరు, ఎందుకంటే కొనే ముందు చూసిన పరీక్షల్లో దానికి మంచి మార్కులే ఉన్నాయి. తీరా చూస్తే తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఆ మార్కులు అబద్ధమని కాదు. అవి వేరే పనికి వేసిన మార్కులు.

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువారికి ఈ విషయం గట్టిగా పట్టించుకోవలసినది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతాలు అందులో చేరాయి. తెలుగు పాట ఇళ్లలో, గుళ్లలో, భజన మందిరాల్లో నిలిచింది గానీ, దానిని రికార్డు చేసే పెద్ద స్టూడియోలు దూరంగానే ఉండిపోయాయి. బరంపురం నుంచి ఇటు విశాఖపట్నం సుమారు 275 కిలోమీటర్లు, అటు భువనేశ్వర్ సుమారు 165 కిలోమీటర్లు. ఒక భజన బృందం వాద్యాలతో సహా అంత దూరం వెళ్లి, గంటల లెక్కన అద్దె కట్టి పాడి రావడం మాటలు కాదు. అందుకే ఇంట్లోని చిన్న గదే స్టూడియో కావలసి వస్తోంది. ఆ గదికి అన్నిటికంటే ఖరీదైన వస్తువు కంప్యూటర్. అది తరచు సెకండ్ హ్యాండ్‌లో కొన్నదై ఉంటుంది. ఇరవై, ముప్పై వేలు పెట్టి కొన్నది పనికిరాకపోతే ఆ పాట అక్కడే ఆగిపోతుంది. కాబట్టి కొనే ముందే సరైన ప్రశ్న వేసి కొలవడం ఎలాగో తెలిసి ఉండాలి.

బాగా వాడుకలో ఉన్న పరీక్షలు సినీబెంచ్, గీక్‌బెంచ్, పాస్‌మార్క్. సినీబెంచ్ ఒక త్రీడీ బొమ్మను గీయిస్తుంది. గీక్‌బెంచ్ ఫైళ్లు కుదించడం, ఫొటోలు సవరించడం వంటి చిన్న చిన్న పనులు చేయిస్తుంది. నిర్ణీత సమయంలో మొత్తం ఎంత పని పూర్తయిందన్నదే ఇవన్నీ చూసేది. వీడియో ఎడిటింగ్ చేసేవారికి ఆ లెక్క నేరుగా ఉపయోగపడుతుంది. గంటలో పూర్తయ్యే పని మధ్యలో అర సెకను ఆగినా వారికి తేడా తెలియదు. సంగీతానికి ఆ వెసులుబాటు లేదు.

పంక్తి భోజనాన్ని తలుచుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది. వంటశాలలో గుండిగల కొద్దీ అన్నం ఉండవచ్చు, వంటవారు చేయి తిరిగినవారే కావచ్చు. వడ్డించేవాడు వచ్చేలోగా ఆకు ఖాళీ అయితే తినేవాడి చేయి ఆగిపోతుంది. ఇక్కడ తినేది సౌండ్ కార్డు. అది సెకనుకు 48,000 శాంపిళ్ల (శబ్దాన్ని అంకెలుగా కొలిచిన తునకల) చొప్పున ఒకే తీరున తింటూ పోతుంది, ఎవరి కోసమూ ఆగదు. ఒక్కో విడతలో ఆకులో పడే వడ్డన పేరే బఫర్. బఫర్‌ను 128 శాంపిళ్లకు అమర్చితే ఆ వడ్డన 2.67 మిల్లీసెకన్లలో అయిపోతుంది. ఆలోగా ప్రాసెసర్ ప్రతి గొంతుకూ వాద్యానికీ ఉండే విడి ట్రాకుల్లోని ఈక్వలైజర్లు (మంద్ర, తార స్వరాల పాళ్లు సరిచేసేవి), కంప్రెసర్లు (శబ్దం హెచ్చుతగ్గులు తగ్గించేవి), రివర్బులు (ప్రతిధ్వని కలిపేవి) లెక్కించి, కలిపి, తర్వాతి వడ్డన సిద్ధం చేయాలి. అంటే సెకనుకు 375 గడువులు, నాలుగు నిమిషాల పాటకు 90,000 గడువులు. 89,999 సార్లు సకాలంలో అందించి ఒక్కసారి తప్పినా ఆ ఒక్కటి చెవికి చిటపటగా వినబడుతుంది. కాబట్టి ఈ పనికి కంప్యూటర్ సగటున ఎంత చురుకైనదో తెలిస్తే చాలదు, అన్నిటికంటే చెడ్డ క్షణంలో అది ఎలా ఉంటుందో తెలియాలి. లయ తెలిసిన మృదంగ విద్వాంసుడి పక్కన, ఎంత వేగంగా వాయించినా అప్పుడప్పుడు తాళం తప్పే వాద్యకారుడు నిలవలేడు. ఇదీ అలాంటిదే.

చాలామందిని తికమక పెట్టే ఒక దృశ్యానికి కారణం ఇక్కడే ఉంది. పాట చిటపటలాడుతుంటే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తారు. ప్రాసెసర్ వాడకం 30 శాతమే చూపుతుంది. ఇంకా 70 శాతం ఖాళీగా ఉండగా ఈ ఇబ్బంది ఏమిటని ఆశ్చర్యపోతారు. ఆ అంకె సెకను పొడవునా, అన్ని కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాల) మీదా తీసిన సగటు. ఎనిమిది కోర్ల యంత్రంలో ఒక కోరు పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది పన్నెండున్నర శాతమే. ఆ సెకనులోని 375 గడువుల్లో ఏ ఒక్కటి దాటిపోయిందో సగటు చెప్పలేదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే సొంత మీటరును నమ్మడం మేలు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోని పెర్ఫార్మెన్స్ మీటర్ రియల్ టైమ్ వాడకాన్ని, అంటే అప్పటికప్పుడు చేయవలసిన లెక్కల భారాన్ని, విడిగా చూపుతుంది. అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టిన బ్లాకుకు, అంటే ఒక విడత వడ్డనకు, ఎంతసేపు పట్టిందో కూడా చెబుతుంది. పరీక్ష చేసేవారు కన్నేసి ఉంచవలసింది ఆ రెండో అంకె మీద.

అలాంటప్పుడు ఆకులో ఒకేసారి ఎక్కువ వడ్డిస్తే సరిపోదా? సరిపోతుంది. బఫర్‌ను 1,024కు పెంచితే ప్రతి విడతకూ 21 మిల్లీసెకన్లకు పైగా గడువు దొరుకుతుంది. పాత యంత్రమైనా నెమ్మదిగా నెట్టుకొస్తుంది. పాటను కలిపి సరిచేసే మిక్సింగ్ దశలో అలాగే చేయాలి కూడా. చిక్కంతా పాడేటప్పుడు. గొంతు మైకులోంచి కంప్యూటర్‌లోకి వెళ్లి, రివర్బు పూసుకుని, హెడ్‌ఫోనులోకి తిరిగి వస్తుంది. లోపలికి ఒక బఫర్, బయటికి ఒక బఫర్, పైన ఇంటర్‌ఫేస్‌లోని (మైకును, హెడ్‌ఫోనును కంప్యూటర్‌కు కలిపే బయటి సౌండ్ కార్డులోని) మార్పిడికి, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరైన డ్రైవర్ జాగ్రత్తకు మరికొంత. 1,024 దగ్గర ఇదంతా కలిసి 43 మిల్లీసెకన్లు దాటుతుంది. ఆ ఆలస్యంతో తాళం పట్టుకుని పాడడం చాలా కష్టం. 128 దగ్గర రెండు బఫర్లకు 5.33 మిల్లీసెకన్లు పోగా, మిగతావి కలుపుకుని తరచు 7 నుంచి 10 మిల్లీసెకన్ల మధ్య తేలుతుంది.

పది మిల్లీసెకన్లంటే ఎంత? గాలిలో ధ్వని ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. గుడి మండపంలో సన్నాయి వాయించేవారికి మూడు మీటర్ల అవతల డోలు ఉంటే, ఆ దెబ్బ చెవికి చేరడానికి దాదాపు 9 మిల్లీసెకన్లు పడుతుంది. తరతరాలుగా మన వాద్యకారులు ఆ ఆలస్యంతోనే కలిసి వాయిస్తున్నారు. కాబట్టి కీబోర్డు వాయించేవారు పది మిల్లీసెకన్లకు బెదరనక్కరలేదు. గాయకుల సంగతి వేరు. వారి గొంతు ఎముకల గుండా వారి చెవికి వెంటనే చేరుతుంది, హెడ్‌ఫోనులోది కాస్త వెనుక వస్తుంది. రెండూ కలిసినప్పుడు కొన్ని స్వరస్థానాలు బలహీనపడి, గొంతు డొల్లగా వినబడుతుంది. పాడేవారు అందుకు కారణం తమ గొంతేమోనని కంగారుపడతారు. ఆ నింద వారి మీద పడకూడదు. చాలా ఇంటర్‌ఫేస్‌ల మీద డైరెక్ట్ మానిటర్ అనే మీట ఉంటుంది. దాన్ని వేస్తే గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే హెడ్‌ఫోనుకు చేరుతుంది, ఆలస్యం లేనట్టే. గొంతు మాత్రమే రికార్డు చేసే ఇంట్లో ఈ ఒక్క మీట వల్ల కొత్త కంప్యూటర్ కొనే అవసరమే తప్పవచ్చు. ఇంత ఉపయోగమున్న దాని గురించి అమ్మేవారు చెప్పకపోవడం బాధాకరం.

ఆలస్యాన్ని అంచనా వేయడం కంటే కొలవడమే మంచిది. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను ఒక తీగతో దాని ఇన్‌పుట్‌కే కలిపి, ఒక చప్పట్లాంటి శబ్దాన్ని బయటికి పంపి, తిరిగి రికార్డు చేయాలి. రెండు శబ్దాల మధ్య దూరం 480 శాంపిళ్లు ఉంటే 48,000 రేటులో అది సరిగ్గా 10 మిల్లీసెకన్లు. ఒక జాగ్రత్త అవసరం. డ్రైవర్ తెలియజేసిన ఆలస్యాన్ని బట్టి సాఫ్ట్‌వేరే ట్రాకును వెనక్కి జరిపి సరిచేస్తుంది. ఆ సర్దుబాటును ఆపి కొలిస్తేనే అసలు లెక్క తెలుస్తుంది. సర్దుబాటు ఉంచి కొలిచినప్పుడు ఇంకా తేడా మిగిలితే, డ్రైవర్ తన ఆలస్యాన్ని తప్పుగా చెబుతోందని అర్థం. ఆ సంగతి తెలియకపోతే ఇంట్లో రికార్డు చేసిన ప్రతి తబలా దెబ్బా తాళానికి ఒకే దూరంలో పక్కకు పడుతూ ఉంటుంది.

కోర్లు ఎన్ని, ఎలాంటివి

దుకాణంలో మొదట వినబడే మాట కోర్ల సంఖ్య. ఎనిమిది, పది, పన్నెండు. ఎక్కువ కోర్లుంటే ఎక్కువ ట్రాకులు నడుస్తాయన్నది కొంతవరకు నిజం. ప్రతి ట్రాకూ దాదాపు స్వతంత్రం కాబట్టి వాటిని కోర్లకు పంచవచ్చు. ఒకే ట్రాకులోని వరసను మాత్రం పంచలేరు. గొంతు మీద ముందు నాయిస్ గేట్ (పాట లేనప్పటి రొదను ఆపేది), తర్వాత ఈక్వలైజర్, తర్వాత కంప్రెసర్, చివర రివర్బు ఉన్నాయనుకుందాం. ఈక్వలైజర్ ఇచ్చిన ఫలితం చేతికి రాకుండా కంప్రెసర్ పని మొదలుపెట్టలేదు. అన్ని ట్రాకులూ చేరే మాస్టర్ ట్రాకు పరిస్థితి కూడా అదే. మాస్టర్ మీద నాలుగు బరువైన ప్లగిన్లు (ఈక్వలైజర్, రివర్బు వంటి చిన్న ప్రోగ్రాములు) పెట్టిన పాటను పదహారు కోర్లు కూడా కాపాడలేవు. పంచడానికి వీల్లేని భాగమే మొత్తం వేగానికి హద్దు గీస్తుందని కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్‌డాల్ 1967లోనే వాదించాడు. ఇంటి రికార్డింగులో ఆ హద్దు చాలా త్వరగా తగులుతుంది, ఎందుకంటే ఇక్కడ ట్రాకులు తక్కువ, ఒక్కో ట్రాకు మీద ప్లగిన్లు ఎక్కువ.

అందువల్ల గొంతు, హార్మోనియం, తబలా, తంబురా వంటి ఎనిమిది పది ట్రాకుల పాటలు చేసేవారు ఒక్క కోరు వేగాన్ని ముందు చూడాలి. గీక్‌బెంచ్, సినీబెంచ్ రెండూ సింగిల్ కోర్ మార్కును విడిగా ఇస్తాయి. సాధారణ పరీక్షల్లో మనకు పనికొచ్చే అంకె ఏదైనా ఉందంటే అది ఇదే. పాత తరం ఎనిమిది కోర్ల యంత్రం కంటే కొత్త తరం నాలుగు కోర్లది మెరుగ్గా నడిచే సందర్భాలు ఇలాగే వస్తాయి.

2020 నవంబరులో వచ్చిన ఆపిల్ ఎమ్1లో నాలుగు చురుకైన కోర్లు, నాలుగు పొదుపు కోర్లు ఉన్నాయి. 2021లో ఇంటెల్ పన్నెండో తరం నుంచి విండోస్ యంత్రాల్లోనూ ఈ రెండు రకాల కోర్లు కలిసి రావడం మామూలైంది. పొదుపు కోరు మీద పడిన ట్రాకుకు అదే 2.67 మిల్లీసెకన్ల గడువు, కానీ చేతిలో సత్తువ తక్కువ. పన్నెండు కోర్లని చెప్పి అమ్మే యంత్రంలో ఎనిమిది పొదుపువే కావచ్చు. ఆ విభజన అడిగి తెలుసుకోవాలి.

గదిలోని వేడి, ఇంట్లోని కరెంటు

పెద్ద నగరాల్లో చల్లని గదుల్లో చేసిన పరీక్షలు ఈ జిల్లాలకు ఎక్కువగా పొసగనిది ఇక్కడే. లాప్‌టాప్ ప్రాసెసర్ మొదటి అర నిమిషమో నిమిషమో తన శక్తినంతా వాడుతుంది. ఆ తర్వాత తయారీదారు పెట్టిన తక్కువ విద్యుత్ పరిమితికి దిగుతుంది. వేడి 95, 100 డిగ్రీల దగ్గరికి చేరితే అది తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని ఇంకా తగ్గించుకుంటుంది. నిమిషంలోపే ముగిసే పరీక్ష మొదటి దశనే కొలుస్తుంది. పాట నడిచేది రెండో, మూడో దశల్లో.

ఇప్పుడు వైశాఖ మాసంలో బరంపురం గదిని ఊహించాలి. సముద్రం దగ్గరగా ఉండడంతో ఉక్కపోత. ఫ్యాను ఆపారు, కిటికీలు మూశారు, తలుపుకు బొంత కట్టారు. గదిలో ఇద్దరు మనుషులు, ఒక లాప్‌టాప్. శబ్దం రాకుండా ఉండాలని లాప్‌టాప్‌ను పరుపు మీదో మెత్తటి గుడ్డ మీదో పెడితే దాని గాలి రంధ్రాలు కూడా మూసుకుపోతాయి. పాటకు కావలసిన నిశ్శబ్దమే యంత్రానికి ఊపిరాడనివ్వదు. మొదటి చరణంలో లేని చిటపట రెండో చరణంలో రావడానికి, మళ్లీ పాడిస్తే ఇంకా ముందే రావడానికి కారణం ఇదే. కాబట్టి పరీక్ష కూడా ఫ్యాను ఆపిన గదిలోనే, కనీసం అరగంట నడిచిన తర్వాతే చేయాలి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు వచ్చిన ఫలితాన్ని నమ్మి మధ్యాహ్నం రికార్డింగు పెట్టుకోకూడదు. చెక్క బల్ల మీద లాప్‌టాప్ వెనుక భాగాన్ని రెండు అంగుళాలు ఎత్తి పెట్టడం, పొడవైన తీగతో మైకును దానికి దూరంగా జరపడం ఖర్చులేని వైద్యం.

కరెంటు సంగతి ఇంకొకటి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అలాంటి రోజుల తర్వాత కరెంటు లేని ఇళ్లను చూసినవారు డెస్క్‌టాప్ కంటే లాప్‌టాప్ మేలనుకోవడం సహజం. మామూలు రోజుల్లో కూడా సాయంత్రం కరెంటు పోతే రికార్డింగు ఆగకూడదని బ్యాటరీ మీద కొనసాగిస్తారు. చార్జర్ తీసిన మరుక్షణం చాలా లాప్‌టాప్‌లు పొదుపు పద్ధతికి మారి వేగాన్ని తగ్గించుకుంటాయి. చార్జర్ మీద 128 బఫర్‌తో హాయిగా నడిచిన పాట బ్యాటరీ మీద 256కు కూడా ఒప్పుకోకపోవచ్చు. చార్జర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి విడివిడిగా కొలిచి రాసుకుంటే, కరెంటు పోయినప్పుడు బఫర్ ఎంతకు మార్చాలో వెతుక్కోనక్కరలేదు.

మధ్యలో పిలిచేవారు

వడ్డించేవాడిని మధ్యలో ఎవరో పక్కకు పిలిస్తే ఆకు ఖాళీ అవుతుంది, అతడు ఎంత చురుకైనవాడైనా సరే. కంప్యూటర్‌లో అలా పిలిచేవి వైఫై, బ్లూటూత్, గ్రాఫిక్స్, బ్యాటరీ వ్యవహారాలు చూసే డ్రైవర్లు. అవి పిలిస్తే ప్రాసెసర్ చేతిలోని పనిని పక్కనపెట్టి వెళ్లాలి. మంచి డ్రైవర్ కొన్ని మైక్రోసెకన్లలో వదిలేస్తుంది. చెడ్డగా రాసినది రెండు మూడు మిల్లీసెకన్లు పట్టి ఉంచగలదు. 128 బఫర్ గడువు మొత్తం అంతే కదా! ఖరీదైన యంత్రం ఓడిపోయి, చవకది నెగ్గే వింత ఫలితాల వెనుక తరచు ఈ కారణం ఉంటుంది. విండోస్‌లో లేటెన్సీమాన్ అనే ఉచిత సాధనం ఏ డ్రైవర్ ఎంతసేపు పట్టి ఉంచిందో పేరుతో సహా చూపిస్తుంది. వైఫై ఆపి పది నిమిషాలు, వైఫై వేసి పది నిమిషాలు దాన్ని నడిపితే దోషి బయటపడుతుంది. రికార్డింగు సమయంలో వైఫై ఆపేస్తే సమస్య తగ్గవచ్చు.

సౌండ్ కార్డు సొంత డ్రైవర్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో తెచ్చిన ఏఎస్ఐఓ పద్ధతి విండోస్ మధ్యవర్తిత్వాన్ని తప్పించి సాఫ్ట్‌వేర్‌ను నేరుగా ఇంటర్‌ఫేస్‌తో మాట్లాడిస్తుంది. మ్యాక్‌లో కోర్ ఆడియో ఆ పని చేస్తుంది, లినక్స్‌లో జాక్. ఒకే లాప్‌టాప్ రెండు వేర్వేరు ఇంటర్‌ఫేస్‌లతో రెండు వేర్వేరు ఫలితాలు ఇవ్వడానికి డ్రైవర్ల నాణ్యతే కారణం. అందుకే ఇంటర్‌ఫేస్ పేరు, బఫర్ అంకె లేకుండా ఎవరైనా ఈ లాప్‌టాప్ మీద వంద ప్లగిన్లు నడిచాయని చెబితే దానికి విలువ ఇవ్వనక్కరలేదు.

సొంత పరీక్ష

సంగీతం కోసమే తయారైన పరీక్షల్లో డాబెంచ్ ప్రసిద్ధం. దాని సూత్రం చాలా సులువు, ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. ఒక నిమిషం నిడివి గల పాటను తీసుకుని ఒక ట్రాకులో పెట్టి, అది ఆగకుండా తిరుగుతూ ఉండేలా అమర్చాలి. దాని మీద నిజంగా వాడే ప్లగిన్ల వరసనే వేయాలి. ఆ ట్రాకుకు నకళ్లు తీస్తూ ఒక్కొక్కటే పెంచుకుంటూ పోవాలి. చిటపట మొదలైన చోట ఆగి, రెండు మూడు ట్రాకులు తగ్గించి, పది నిమిషాలు శబ్దం శుభ్రంగా నడిస్తే ఆ సంఖ్య రాసుకోవాలి. ఇదే పనిని 64, 128, 256, 512 బఫర్ల దగ్గర చేయాలి. ఒక్కోదాన్ని మూడుసార్లు చేసి, మూడింటిలో తక్కువ సంఖ్యను తీసుకోవాలి. సగటు తీయకూడదు, ఎందుకో పైన చెప్పుకున్నాం.

చివరికి చేతికి వచ్చేది నాలుగు అంకెల వరస. ఆ వరస తీరులోనే అసలు సమాచారం ఉంది. 512 దగ్గర 60 ట్రాకులు, 256 దగ్గర 55, 128 దగ్గర 48 వచ్చాయనుకుందాం. యంత్రం ఆరోగ్యంగా ఉంది. మరో యంత్రం 512 దగ్గర 80 నడిపి, 128కి రాగానే 15కు పడిపోయిందనుకుందాం. దాని ప్రాసెసర్‌కు సత్తువ ఉంది, కానీ డ్రైవర్లు అడ్డుపడుతున్నాయి. మొదటిది పాడించడానికి మంచిది. రెండోది మిక్సింగ్‌కు పనికివస్తుంది, లేదా డ్రైవర్లు సరిచేసి మళ్లీ పరీక్షించాలి. ఒకే అంకెతో తీర్పు చెప్పే పరీక్షల్లో రెండోదే గెలుస్తుంది.

ఈ పరీక్షలో జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి. ట్రాకులో నిశ్శబ్దం ఉంటే కొన్ని ప్లగిన్లు పని ఆపి నిద్రపోతాయి. అప్పుడు వందల ట్రాకులు నడిచినట్టు కనబడుతుంది. అందుకే శబ్దం ఆగకుండా ఉండే పాట కావాలి. ఇంకొకటి ఇంతకంటే లోతైనది. రీపర్ వంటి సాఫ్ట్‌వేర్ రికార్డుకు సిద్ధం చేయని ట్రాకులను కాస్త ముందుగానే లెక్కించి దాచుకుంటుంది. రీపర్‌లో ఆ ముందుచూపు మామూలుగా 200 మిల్లీసెకన్లు. రాబోయే శబ్దం ఫైలులో ఎలాగూ ఉంది కాబట్టి అది సాధ్యం. మైకులోంచి రాబోయే గొంతును మాత్రం ఎవరూ ముందుగా లెక్కించలేరు. కాబట్టి ట్రాకు మీద ఎర్ర మీట నొక్కగానే ఆ ట్రాకు, దాని శబ్దం వెళ్లే దారిలోని ప్లగిన్లు అప్పటికప్పుడు లెక్కించవలసినవి అవుతాయి. వింటున్నంతసేపు శుభ్రంగా ఉన్న పాట, పాడడానికి సిద్ధం కాగానే చిటపటలాడేది ఇందువల్లే. పరీక్షలో కనీసం ఒక ట్రాకును రికార్డుకు సిద్ధం చేసి, దాన్ని హెడ్‌ఫోనులో వింటూ కొలవాలి. ఆ షరతు లేని ఫలితం పాట వినేవారికి ఉపయోగం, పాడేవారికి కాదు.

డిస్కు గురించి ఉన్నంత భయం అవసరం లేదు. 24 బిట్ల, 48,000 రేటు గల ఒక మోనో ట్రాకుకు సెకనుకు 144 కిలోబైట్లు చాలు. నలభై ట్రాకులు కలిపినా సెకనుకు ఆరు మెగాబైట్ల లోపే. పాత హార్డ్ డిస్కుకు కూడా అది బరువు కాదు. వీణ, వయొలిన్, తంబురా వంటి వాటి శాంపిల్ లైబ్రరీలు (ముందే రికార్డు చేసి పెట్టిన వాద్య స్వరాల సంకలనాలు) వాడేవారికి మాత్రం ఎస్ఎస్‌డీ తప్పనిసరి. అవి డిస్కులో చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న ముక్కలను అప్పటికప్పుడు తెచ్చుకుంటాయి, హార్డ్ డిస్కుకు ఒక్కో ముక్క వెతకడానికే పది మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అలాంటి లైబ్రరీలు లేనివారికి 8 జీబీ ర్యామ్ చాలు, ఉన్నవారు 16 చూసుకోవాలి. శాంపిల్ రేటును 96,000కు పెంచితే నాణ్యత రెట్టింపవుతుందని కొందరు చెబుతారు. రెట్టింపయ్యేది ప్రాసెసర్ పని. బొంత కట్టిన గదిలో, మధ్యస్థ ధర మైకుతో చేసే రికార్డింగుకు 48,000 నిండుగా సరిపోతుంది.

ఇక కొనడానికి వెళ్లేటప్పటి సంగతి. రీపర్‌ను పెన్‌డ్రైవ్ మీదే పూర్తిగా స్థాపించుకోవచ్చు, కంప్యూటర్‌లో వేరే ఏదీ పెట్టనక్కరలేదు. దాన్ని 60 రోజులు ఉచితంగా పరీక్షించవచ్చు, ఆ తర్వాత వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. దానితోపాటే వచ్చే ఈక్వలైజర్, కంప్రెసర్, రివర్బులతో పైన చెప్పిన పరీక్ష ఫైలును తయారు చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవాలి. అదే ఫైలును ముందుగా ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ మీద, దాని సొంత సౌండ్ కార్డుతో, అదే బఫర్‌తో నడిపి ఒక చిన్న కాగితం మీద అంకెలు రాసుకోవాలి. పర్లాకిమిడి బజారులోనైనా, సరిహద్దు దాటి పాతపట్నంలోనైనా, సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ చూపించినప్పుడు ఆ పెన్‌డ్రైవ్ పెట్టి, చెవిలో తీగ ఇయర్‌ఫోను పెట్టుకుని అరగంట నడపనివ్వమని అడగాలి. మొదటి పది నిమిషాలు చార్జర్‌తో, తర్వాతి పది నిమిషాలు అది తీసేసి, చివరి పది నిమిషాలు లాప్‌టాప్ అడుగు భాగం చేతికి ఎంత వేడిగా తగులుతోందో చూస్తూ. ఇరవయ్యో నిమిషంలో ట్రాకుల సంఖ్య ఎంత పడిపోయిందో ఆ చిన్న కాగితం మీద పాత కంప్యూటర్ అంకెల పక్కనే రాసుకుని, ధర గురించి మాట్లాడడం అప్పుడు మొదలుపెట్టాలి.